స్ట్రాంగు మామ

మొన్న మంగళగిరిలో మా అబ్బాయి వాళ్లింట్లో బొద్దింకలు ఎక్కువయ్యాయంటే, మందు నేను తెస్తానని బయల్దేరాను. అద్దాల తలుపుల కొట్టు. లోపల చలి. మెడలో ఫొటో కార్డు వేలాడేసుకున్న ఒకమ్మాయి తెల్లటి సీసా నా చేతిలో పెట్టి, "ఇది తీసుకోండి ఆంటీ. వాసనే ఉండదు, కానీ చాలా స్ట్రాంగ్" అంది.

ఆ మాటకి నా చేతిమీద వెంట్రుకలు లేచి నిలబడ్డాయి. చలికేమో అనుకుని పక్కకి జరిగాను. చలికి కాదు.

నాకొచ్చిన ఇంగ్లీషు తక్కువ. ఐదో తరగతిలో బడి మానేశాను. నాకోసం బడి బెంగపెట్టుకుందని కబురేమీ రాలేదు. మా మనవడు మాత్రం ఇంగ్లీషు పుస్తకం ముందేసుకుని, ఏ మాటకి ఏం అర్థమో, ఎక్కడ వాడాలో గడగడా అప్పజెబుతుంటాడు. ఆమధ్య వాడి పాఠంలో ఈ మాటే వచ్చింది. "స్ట్రాంగ్ అంటే బలమైన. ఏనుగు బలమైన జంతువు" అన్నాడు. అంతేనా అన్నాను. అంతే నానమ్మా అన్నాడు. ఏనుగుని చూసినవాళ్లు రాసిన పుస్తకం కాబోలు. నేను దాని అర్థం పత్తిచేలో నేర్చుకున్నాను.

మా ఊరు పర్చూరు వైపు. నల్లరేగడి నేల. తడిస్తే కాలు లాగేసుకుంటుంది, ఎండితే పాదం పట్టేంత నోరు తెరుస్తుంది. ఒకపక్క మిరప, ఒకపక్క పత్తి, మధ్యలో మేము. మేమంటే కూలికి పోయేవాళ్లం. నా చిన్నతనంలో మా పల్లెలోకి వచ్చిన ఇంగ్లీషు మాటల్లో ఇల్లు కట్టుకుని స్థిరపడింది ఈ స్ట్రాంగే. టీ స్ట్రాంగు. కొత్త కోడలి నోరు స్ట్రాంగు. పాస్టరుగారి ప్రార్థన స్ట్రాంగు, అంటే కింద కూర్చున్న పిల్లల కాళ్లు తిమ్మిరెక్కేదాకా సాగిందని. మా అమ్మమ్మ రోట్లో నూరే పండుమిరప పచ్చడి మరీ స్ట్రాంగు. చద్దన్నంలో కలుపుకుని ముద్ద నోట్లో పెట్టుకుంటే చెవుల్లోంచి ఆవిరొచ్చేది. దేనికి వాడినా ఆ మాటలో మెచ్చుకోలే ఉండేది. స్ట్రాంగైనది చెడ్డదై ఉంటుందని ఎవరికీ తోచేది కాదు.

ఆ మాటని ఊళ్లోకి తెచ్చింది పురుగుమందు.

మందు కొనడానికి మావాళ్లకి ఒక పద్ధతుండేది. మేం పనిచేసే పొలం ఆసామి పర్చూరులో మందుల కొట్టుకి వెళ్తూ మా మామయ్యని వెంటబెట్టుకెళ్లేవాడు. మామయ్య సైకిలు ముందు కడ్డీమీద నేను. కొట్టాయన సీసా మూత తీసి ఆసామి ముక్కు కింద పెట్టేవాడు. అత్తరు అమ్మేవాడు కూడా అంత మర్యాదగా మూత తీయడు. ఆసామి కళ్లుమూసుకుని గుండెల్నిండా పీల్చేవాడు. కుళ్లిన వెల్లుల్లిని కిరసనాయిల్లో ఉడకబెట్టినట్టుండేది ఆ వాసన. కళ్లల్లో నీళ్లు తిరిగితే మందు మంచిది. తుమ్మొస్తే ఇంకా మంచిది. తల తిరిగి బల్లమీద చెయ్యి ఆనించాడంటే ఇక బేరం లేదు.

అయినా కళ్లు తుడుచుకుంటూ, "స్ట్రాంగేనా?" అని అడిగేవాడు.

"మీరలా ఏడుస్తూ ఇంకా నన్నడుగుతారేంటండీ!" అనేవాడు కొట్టాయన.

అప్పుడు సీసా మా మామయ్య ముక్కు కిందకి వచ్చేది. మామయ్య పీల్చి, కన్ను కూడా ఆర్పకుండా, "పర్లేదు" అనేవాడు. ఆ ఒక్క ముక్కకోసమే ఆసామి ఆయన్ని అంతదూరం తీసుకెళ్లేది.

మామయ్య మా అమ్మకి తమ్ముడు. మనిషి తాటిమొద్దు. మా నాన్న పోయాక అమ్మనీ నన్నూ తెచ్చి తన ఇంట్లో పెట్టుకున్నాడు. అమ్మది ఉబ్బసం. అమ్మమ్మది ముసలితనం. నాది అల్లరి. మా ముగ్గురి కంచాలూ మందు ట్యాంకుతోపాటు ఆయన వీపుమీదే ఉండేవి. మందు కొట్టడంలో చుట్టుపక్కల ఊళ్లలో ఆయనకి సాటి లేదు. ముక్కుకి గుడ్డ కట్టుకునేవాడు కాదు. చొక్కా తడిస్తే విప్పి గట్టుమీద పారేసేవాడు. కర్రతో మందు కలపడం ఆయనకి నామోషీ. మోచేతిదాకా చెయ్యి పెట్టి తిప్పేవాడు.

"చెయ్యి పెట్టి కలిపితేనే కోడలా, కూరకి రుచి" అనేవాడు నాతో.

మేనకోడల్ని కదా, కోడలా అనే పిలిచేవాడు. ఊరు ఆయన్ని స్ట్రాంగూ అని పిలిచేది. అసలు పేరు మా అమ్మమ్మకైనా గుర్తుందో లేదో. ఒక ఆదివారం పాస్టరుగారు కళ్లుమూసుకుని అందరి పేర్లూ వరసగా చెబుతూ, "ప్రభువా, మా స్ట్రాంగుని కాపాడు" అనేసి నాలిక్కరుచుకున్నారు. కళ్లు తెరిచి చూసిన పిల్లలందరికీ నవ్వు. నేనైతే ఒళ్లో తల దూర్చుకుని నవ్వాను. ఆ ప్రార్థనే తర్వాత అక్కరకొస్తుందని అప్పుడేం తెలుసు.

మందు కొట్టడం అయ్యాక ఒళ్లు కడుక్కోమని ఆసామి సబ్బుముక్క ఇచ్చేవాడు. మామయ్య దాన్ని నామీదకి విసిరేవాడు. "ఇంద కోడలా! నాకెందుకే సబ్బు, నేనేమన్నా పెళ్లికూతుర్నా?" ఎర్రముక్క, పచ్చముక్క, తెల్లముక్క, ఏదొస్తే అది తడిచేసి ఒకదానికొకటి అతికించి ఉండ చేశాను. ఉండ నా పిడికిలంత అయ్యింది. దాన్ని కొబ్బరిచిప్పలో పెట్టుకుని చేనుకి కూడా మోసుకెళ్లేదాన్ని. కాలవలోంచి బిందెతో నీళ్లు మోసి ట్యాంకులో పోయడం ఆడపిల్లల పని. నా బదులు ఒక బిందె మోస్తే నా సబ్బుండ ఒకసారి వాసన చూడనిచ్చేదాన్ని. అలా చాలా బిందెలు కూర్చునే మోశాను.

ఆ ఏడు పురుగు మాట వినలేదు.

పత్తి పూత బాగా పట్టింది, కాయ కట్టింది. కాయ విప్పి చూస్తే లోపల పచ్చపురుగు కాళ్లు జాపుకుని ఉండేది. మందు కొడితే రెండు రోజులు దాక్కునేది, మళ్లీ చుట్టాల్ని వెంటబెట్టుకుని వచ్చేది. ఆసామి కొట్టుకి పరిగెత్తి, "ఇంతకన్నా స్ట్రాంగుది లేదా?" అనేవాడు. కొట్టాయన ఇంకో అరలోంచి ఇంకో సీసా తీసేవాడు. దానికీ కళ్లనీళ్లొచ్చేవి, దానికీ పురుగు చచ్చేది కాదు. చివరికి ఆడకూలీల్ని పెట్టి డబ్బాల్లోకి పురుగుల్ని ఏరించారు. నేను ఏరినవాటిలో లావుపాటిదాన్ని ఒకదాన్ని నా ముందు వరసలో పిల్ల జాకెట్లో వేశాను. ఆ పిల్ల వేసిన గంతుకి సగం సాలు పత్తి విరిగింది. ఆసామి తిట్టిన తిట్లు కూడా ఆరోజు స్ట్రాంగుగానే ఉన్నాయి.

నవ్వుకుంటూనే ఉన్నాం గానీ, ఏదో మారుతోంది. చేలో నీళ్లగుంటలో కప్పలు తెల్లటి పొట్టలు పైకి పెట్టుకుని తేలాయి. ఆసామి కుక్క గట్టుమీద పడుకుని లేవలేదు. ఒక మధ్యాహ్నం అన్నం మూట విప్పి గోంగూర పచ్చడి కలుపుకుంటున్నాను. రోజూ నా ముద్ద లాక్కుపోవడానికి కాకులు కాచుకుని ఉండేవి. ఆరోజు ఒక్కటీ రాలేదు. పీడ వదిలిందని నేను సంబరపడ్డాను. పక్కన అమ్మమ్మ నోట్లో ముద్ద నమలడం ఆపి ఆకాశంలోకి చూసింది.

"కాకి రాని చోట మనమెందుకున్నామే పిల్లా?" అంది.

ఆ వారమే కొట్టాయన తెల్లటి సీసా బయటికి తీశాడు.

"కొత్తది. ట్యాంకుకి ఒక్క మూత చాలు" అని మూత తీసి ఆసామి ముక్కు కింద పెట్టాడు. ఆసామి పీల్చాడు. కంట్లో నీళ్లు లేవు. మళ్లీ పీల్చాడు. తుమ్ము లేదు. సీసాలోకి తొంగిచూశాడు.

"ఏముందయ్యా ఇందులో? వాసనే లేదు!"

"వాసనుండదండీ. కానీ చాలా స్ట్రాంగు."

"నా చెవిలో పువ్వేమన్నా కనబడుతోందా నీకు? వాసన లేకుండా స్ట్రాంగెట్టా అవుతుంది? ఒరేయ్, నువ్వు చూడరా."

మామయ్య చూశాడు. పెదవి విరిచాడు. "మా బావిలో నీళ్లే నయమండీ, కాస్త వాసనన్నా వస్తాయి" అన్నాడు.

కొట్లో ఉన్నవాళ్లంతా నవ్వారు. నేనూ నవ్వాను. మిగతా అరలు ఖాళీ కాబట్టి ఆసామి గొణుక్కుంటూనే ఆ సీసా కొన్నాడు.

మర్నాడు చేలో మామయ్య మందు కలుపుతుంటే అమ్మమ్మ పక్క మిరపచేలో కలుపు తీస్తోంది. మామయ్య ఒక మూత పోశాడు. చెయ్యి పెట్టి తిప్పి, వాసన చూసుకుని, ఇంకో మూత పోశాడు. మళ్లీ చూసుకున్నాడు. మళ్లీ పోశాడు. ఎంతకీ ముక్కుకి ఏమీ తగలడం లేదు. చివరికి పాత డబ్బా అడుగున మిగిలిన కంపు మందు కూడా అందులో వంచాడు.

"అదెందుకు మామయ్యా?" అన్నాను.

"తాలింపు లేని పప్పు ఎవరన్నా తింటారటే కోడలా? పురుగుకి మాత్రం నోరు లేదూ?"

అమ్మమ్మ నడుం ఎత్తి అరిచింది. "ఒరేయ్ అబ్బాయ్! ఒక్క మూతే అన్నాడంటగా ఆ కొట్టాయన!"

"ఒక్క మూత నా మీసాలకి చాలదే అమ్మా!"

"వాసన లేనిదాన్ని నమ్మబాకరా. మొరగని కుక్కరా అది!"

గట్టుమీదున్న ఆసామి కూడా నవ్వాడు. "నీ కొడుకుని ఏ కుక్కా కరవదులేవే" అన్నాడు.

గాలి లేదు. పత్తి మామయ్య భుజాలదాకా పెరిగి ఉంది. కొట్టిన మందు ముందుకి పోకుండా మంచులాగా ఆయన చుట్టూనే నిలబడింది. దానిలో ఆయన తల ఒక్కటే కనబడుతూ పోయేది, సాలు చివర తిరిగి వచ్చేది. తాలింపు వాసన వస్తోంది కాబట్టి అందరికీ ధైర్యంగానే ఉంది. నేను నీళ్లు మోశాను, పోశాను, మోశాను. ఎండ నడినెత్తిమీద ఉంది.

ట్యాంకు నింపించుకోవడానికి వచ్చిన మామయ్య, గట్టుమీద నిలబడి కళ్లు చిట్లించాడు.

"అప్పుడే చీకటి పడుతోందేంటే కోడలా?"

ఆయన ఎప్పుడూ వేళాకోళమే కదా. "అవును మామయ్యా, చుక్కలు కూడా వచ్చాయి. ఇంటికి పోదామా?" అన్నాను.

ఆయన నవ్వలేదు. నా వైపు చూస్తున్నాడు గానీ నన్ను చూడటం లేదు. కళ్లల్లో నల్లగుడ్డు ఆవగింజంత అయిపోయి ఉంది. గడ్డం మీదనుంచి చొంగ తీగలా సాగుతోంది. ఒళ్లంతా చెమట. భుజం కండ ఒకటి చర్మం కింద బల్లిలాగా తనంతట తను కదులుతోంది. ట్యాంకుతోసహా మోకాళ్లమీదకి జారాడు.

నేను అరిచిన అరుపుకి మిరపచేలో అందరూ లేచారు. ఆసామి ట్రాక్టరుకోసం ఊళ్లోకి పరిగెత్తాడు. ఒకరు ఉప్పునీళ్లు పట్టమన్నారు, ఒకరు మజ్జిగ అన్నారు, ఒకరు చింతపండు పులుసు అన్నారు. ఎవరి దగ్గరా ఏదీ లేదు. అమ్మమ్మ వచ్చి కొడుకుని చూసింది. ఏడవలేదు. "కాలవలోకి దించండి" అంది. "ముందు నా కొడుక్కి ఒళ్లు కడగాలి."

"పిచ్చి గానీ పట్టిందా పెద్దమ్మా? మనిషి పోతుంటే స్నానమేంటి?"

"ఈ అవతారంతో పెద్దాసుపత్రికి తీసుకుపోతారా? వాడి వెంట వచ్చినవాళ్లు ఎట్టాంటోళ్లో అనుకోరూ? సబ్బేదే పిల్లా?"

కొబ్బరిచిప్పలోంచి నా సబ్బుండ తీసిచ్చాను. అమ్మమ్మ నడుంలోతు నీళ్లలో నిలబడి, పసివాణ్ని తోమినట్టు తల, వీపు, చేతులు, గోళ్ల సందులు తోమింది. ఎర్రపొర అరిగింది, కింద పచ్చపొర వచ్చింది, దానికింద తెల్లది వచ్చింది. ఒక్కో పొరకీ ఒక్కో వాసన లేచింది. తాలింపు కంపు పోయింది. అసలుదానికి వాసనే లేదు కదా, అది పోయిందో లేదో ఎవరికి తెలుస్తుంది? అందుకే ఉండ అరిగిపోయేదాకా తోముతూనే ఉంది. ట్రాక్టరు వచ్చేసరికి ఆమె చేతిలో గోళీకాయంత మిగిలింది.

పర్చూరులో డాక్టరు చూసి, మా చేతుల్లో లేదు, గుంటూరు తీసుకెళ్లండి అన్నాడు. అమ్మమ్మ వెంట వెళ్లింది. నేను అమ్మ దగ్గర ఉండిపోయాను. అమ్మ గోడకి ఆనుకుని ఊపిరి లాగుతూ ఒకటే మాట అంటోంది: "వాడు స్ట్రాంగే, వాడికేం కాదు. వాడు స్ట్రాంగే." ఆ మాటకి పాస్టరుగారి ప్రార్థనకున్నంత బలం ఉందా అని నేను వింటూ కూర్చున్నాను.

పొద్దున్నే బయట జనం సందడి. మామయ్య గురించి కబురొచ్చిందేమోనని పరిగెత్తాను. కబురు కాదు. ఊళ్లో ఆసాములందరూ చేను చూడ్డానికి పోతున్నారు. నేనూ వెనకాల వెళ్లాను.

మామయ్య మందు కొట్టినంతవరకూ సాళ్లలో పచ్చపురుగు రాలి ఉంది, ఎవరో పచ్చి బఠానీలు ఒలకబోసినట్టు. వాటిని తిన్న గోరింకలు పక్కనే పడి ఉన్నాయి. చేలో చప్పుడు లేదు. చీమ చిటుక్కుమంటే వినబడుతుందంటారు, చీమ కూడా లేదు. ఆ నిశ్శబ్దంలో ఆసాములు తిరనాళ్లకి వచ్చినట్టు వంగి వంగి చూస్తున్నారు. ఒక్క పురుగూ కదలడం లేదు.

"దొరికిందిరా మందు!" అన్నాడొకడు.

"మరి? స్ట్రాంగుగాణ్నే పడగొట్టిందంటే మాటలా!" అన్నాడు ఇంకొకడు.

ఆ మాట అన్నవాడు చెడ్డవాడు కాదు. మామయ్య పేరు చెబుతూ గొంతులో గౌరవమే ఉంది. అటునుంచి అటే సైకిళ్లన్నీ పర్చూరు దారి పట్టాయి. మొన్నటిదాకా ఎవరూ ముట్టుకోని తెల్లసీసాల కోసం సాయంత్రానికి కొట్టుముందు తోపులాట అయ్యిందని చెప్పుకున్నారు. వాసన చూసి కొనే పద్ధతి ఆరోజుతో పోయింది. ఇక ఎవరూ మూత తీయమనలేదు. మా మామయ్యే దానికి వాసన.

గుంటూరులో మామయ్య చావలేదు. మంచానికి కట్టేస్తే, కట్టిన చేత్తోనే మందు కొడుతున్నట్టు అటూ ఇటూ ఊపేవాడట. "కోడలా, నీళ్లు తేవే" అని అరిచేవాడట. ఒళ్లెవరు కడిగారని డాక్టరడిగితే, అమ్మమ్మ భయపడి, "నేనేనండీ, తప్పయితే క్షమించండి" అందట. "తప్పు కాదమ్మా, నీ కొడుకుని నిలబెట్టింది అదే" అన్నాడట ఆయన.

చాలా రోజులకి ఇంటికి తెచ్చారు. దిగింది మామయ్యేనా అని చూశాను. తాటిమొద్దులో గుజ్జు తీసేసి బెరడు మాత్రం నిలబెట్టినట్టున్నాడు. చేతులు వణుకుతున్నాయి. టీ గ్లాసు ఇస్తే సగం ఒళ్లోనే ఒలికింది. "ఏంటే ఇది, లైటుగా పెట్టావు?" అన్నాడు నాతో. నేను నవ్వాను. ఆయనకోసం నవ్వాను.

ఆ సాయంత్రం ఆసామి వచ్చాడు, చేతిసంచీలో బత్తాయిలతో. మంచం దగ్గరగా ముక్కాలిపీట లాక్కుని కూర్చున్నాడు. మా ఇంట్లో ఆయన కూర్చోవడం అదే మొదలు. ఒళ్లెలా ఉందన్నాడు. దేవుడున్నాడన్నాడు. కాసేపు పైకప్పు చూశాడు. అప్పుడు ముందుకి వంగి, గొంతు తగ్గించాడు.

"ఒరేయ్ స్ట్రాంగూ. మళ్లీ పురుగు కనబడుతోందిరా. వాడు చెప్పిన ఒక్క మూత పనిచేయడంలా. ఆరోజు నువ్వు ఎన్ని మూతలు పోశావురా?"

అమ్మ ఊపిరి ఒక్కటే ఈల వేస్తోంది. మామయ్య ముఖంలోకి చాలా రోజుల తర్వాత ఒక వెలుగొచ్చింది. పని గురించి అడిగారు కదా. తన పని గురించి. మాట వచ్చేలోపే చెయ్యి పైకెత్తి వేళ్లు చూపించాడు.

ఆ వేళ్లు వణుకుతున్నాయి. రెండు కనబడేవి, మూడయ్యేవి, పక్కనున్నది కూడా లేచేది. ఆసామి కళ్లు చిట్లించి వాటినే చూస్తున్నాడు. అమ్మమ్మ పొయ్యి దగ్గర్నుంచి లేచొచ్చి, కొడుకు చెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకుని, వేళ్లన్నీ పిడికిట్లోకి మడిచేసింది.

"వద్దు నాయనా" అంది. కొడుకుతోనా, ఆసామితోనా?

ఆసామి లేచాడు. "నాలుగన్నమాట" అని, చెప్పులేసుకుని వెళ్లిపోయాడు.

మామయ్య ఇంకో పదేళ్లు బతికాడు. మళ్లీ ట్యాంకు ఎత్తలేదు. ట్యాంకులెత్తే వీపులకి ఊళ్లో కొదవ లేదు. ఆ కాలమంతా మా పల్లెలో ఒక అలవాటు పట్టుకుంది. పత్తి లోడు లేకుండా, పట్టపగలు, ట్రాక్టరు పర్చూరు వైపు జోరుగా పోతున్న చప్పుడైతే, చేతిలో పనులు వదిలేసి ఆడవాళ్లందరూ గుమ్మాల్లోకి వచ్చేవాళ్లు. ఎవరింటి మగాడు ఈరోజు ఎవరి చేలోకి పోయాడని ఒకరి ముఖాలొకరు చూసుకునేవాళ్లు. అమ్మమ్మ మాత్రం బయటికి వచ్చేది కాదు. లోపల కూర్చుని, "ఒళ్లు కడిగారా? అడగండే, ఒళ్లు కడిగారా?" అని కేకేసేది. ట్రాక్టరు అప్పటికే మలుపు దాటిపోయేది.

ఆ పల్లె ఇప్పుడు లేదు. ఇళ్లున్నాయి, మనుషులూ ఉన్నారు. కాకులు కూడా వచ్చాయంటున్నారు. లేనిది ఆడవాళ్లు పరిగెత్తుకొచ్చే ఆ గుమ్మాలే.

ఇదంతా మంగళగిరి కొట్లో, చేతిలో తెల్లసీసాతో నిలబడి తలుచుకున్నాను. మూత తిప్పి ముక్కు దగ్గర పెట్టుకున్నాను. ఏమీ లేదు. బావి నీళ్లే నయం. మూత బిగించి సీసాని తిరిగి అరలో పెట్టేశాను. బొద్దింకలతో మా కోడలే పడుతుంది, దాని నోరు చాలు.

నా వెనకున్న ఒకావిడ చెయ్యి జాపి అదే సీసా అందుకుంది.

"ఎన్ని మూతలు కలపాలమ్మాయ్?" అనడిగింది. "మా ఇంట్లో బొద్దింకలు మామూలివి కావు."

కార్డు పిల్ల నవ్వుతూ చెయ్యెత్తి వేళ్లు చూపించింది. సన్నటి వేళ్లు, ఎర్రటి గోళ్లరంగు, నిటారుగా నిలబడ్డాయి. ఇంకా వణకడం లేదు.